కార్డుకు పెట్టిన పసుపు

గురువారం మధ్యాహ్నం కంప్యూటరు ఆన్ చేయగానే ప్రభావతికి గుండె ఆగినంత పనైంది. లోపల రాళ్ళు నమిలినట్టు వచ్చే చప్పుడు రాలేదు. అయిపోయింది, చచ్చిపోయింది అనుకుని స్విచ్చి మీద నుంచి చెయ్యి తీయకుండానే తలెత్తి చూస్తే, తెర మీద అప్పుడే పచ్చటి అక్షరాలు వచ్చేసి ఉన్నాయి. రోజూ ఆ అక్షరాలు వచ్చేలోపు ఆమె వాకిట్లోకి వెళ్ళి రెండు మాటలు మాట్లాడి వచ్చేది.

"బతికే ఉందండీ. చప్పుడు చేసే భాగం తీసేశాను, అంతే" అన్నాడు పక్కనే నిలబడ్డ రత్నరాజు.

బందరు చిలకలపూడిలో పూర్ణచంద్రరావు గారిది డైల వర్క్‌షాపు. రోల్డ్ గోల్డు నగలు చేసేవాళ్ళకి ఉక్కు దిమ్మెల మీద అచ్చులు చెక్కి ఇస్తారు. చెక్కే మెషీను ఎప్పుడో రాజ్‌కోట్ పార్టీ దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నది. దాంతోపాటే ఈ కంప్యూటరూ వచ్చింది. ఆ మెషీను భాష ఈ కంప్యూటరుకి తప్ప లోకంలో ఇంకో దానికి అర్థం కాదు. మధ్యలో పూర్ణచంద్రరావు గారు మోజుపడి కొత్త కంప్యూటరొకటి కొన్నారు గాని, మెషీనుకి సంబంధించిన పొడుగాటి కార్డు దూర్చడానికి అందులో చోటే లేదు. అది ఇప్పుడు వాళ్ళింట్లో సినిమా పాటలు పాడుతోంది. పాతదేమో హార్డ్ డిస్కు అరిగిపోయి, రోజూ పొద్దున్నే నాలుగు దెబ్బలు తింటే గాని లేచేది కాదు. అది లేవని రోజున ప్రభావతి గీసి దాచిన డిజైన్లన్నీ దాంతోపాటే పోతాయి. వర్క్‌షాపూ మూతపడుతుంది.

రత్నరాజుది గుడివాడ. బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు. మూడు పదుల వయసుంటుంది, సన్నంగా, చొక్కా జేబులో టెస్టరుతో ఉంటాడు. హార్డ్ డిస్కు తీసేసి, దాని చోట ఫొటోగ్రాఫర్ల పెద్ద కెమెరాల్లో వేసే మెమరీ కార్డు పెట్టాడు. అగ్గిపెట్టె కంటే పల్చగా ఉంది. డబ్బా వెనకవైపు చిన్న సందు అమర్చి, కావాలంటే బయటికి లాగి కాపీ తీసుకునేటట్టు చేశాడు. ఇప్పుడొచ్చే పెద్ద కార్డులు పనికి రాలేదట. పాత కంప్యూటరుకి అంత పెద్ద లెక్క రాదనీ, చిన్న కార్డు కోసం బెజవాడంతా గాలించాననీ నవ్వుతూ చెప్పాడు.

పూర్ణచంద్రరావు గారి సంబరానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. కార్డు బయటికి తీయించి, అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చూశావా ప్రభావతమ్మా, మన వర్క్‌షాపంతా ఇందులో ఉంది" అన్నారు. రత్నరాజు గారూ రత్నరాజు గారూ అంటూ కుర్చీ వేయించి, ఇడ్లీ తెప్పించి, అక్కడే కూర్చుని వీధిలో ఇలాంటి పాత మెషీన్లున్న వాళ్ళందరికీ ఫోన్లు చేశారు. రెండిళ్ళ అవతలి సుబ్బారావు గారైతే సోమవారమే రమ్మన్నారు.

ఫోన్లు నడుస్తుంటే రత్నరాజు స్క్రూలు బిగిస్తూ ప్రభావతితో మెల్లిగా చెప్పాడు. గుడివాడలో ఇప్పుడు ఎవరూ రిపేరు చేయించుకోవడం లేదు, పాడైతే పారేసి కొత్తది కొంటున్నారు. షాపు మూసేద్దామా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. ఈ వీధిలో పని దొరికితే మూయక్కర్లేదు. ఆ మాట చెప్పేటప్పుడు అతని చెయ్యి ఆగలేదు గాని ముఖంలో ఆశ దాగలేదు. ఆమెకి ఆ మనిషి మీద అభిమానం కలిగింది.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం మెషీనుకి పూజ చేయనిదే ప్రభావతి స్విచ్చి వేయదు. ఆ పని ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. చేరిన కొత్తలో నాంచారమ్మ చేస్తుంటే చూసి, తర్వాత తనే అందుకుంది. నాంచారమ్మ డైలకి మెరుగు పెట్టే పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆవిడ స్టూలు మీద కూర్చుని పూజకి పర్యవేక్షణ మాత్రం చేస్తుంది.

ప్రభావతి గుడ్డ పెట్టి ఇనప రజను తుడిచింది. గిన్నెలో పసుపు నీళ్ళతో ముద్దగా కలిపింది. మెషీను నుదుటికి, మోటారుకి, కంప్యూటరు డబ్బాకి పసుపు రాసి కుంకం బొట్లు పెట్టి, మందారం పువ్వు తురిమింది. అగరొత్తి వెలిగించబోతూ ఆగింది. వర్క్‌షాపంతా ఇందులో ఉందని నిన్న ఆయన అన్నారు కదా. మరి అసలైనదాన్ని వదిలేసి పైపెచ్చుకి బొట్టు పెడితే ఏం లాభం? పైగా కొత్త వస్తువు. సైకిలు కొన్నా సంచి కొన్నా పసుపు తగలకుండా వాడకం మొదలుపెట్టడం ఆమె ఇంటా వంటా లేదు.

వెనక్కి వెళ్ళి రత్నరాజు చూపించినట్టే కార్డు లాగింది. బొమ్మ ఉన్న వైపు కుంకం బొట్టు పెట్టింది. ఆ తర్వాత ఏ అంచు ముందుగా లోపలికి వెళ్తుందో చూసింది. ఆ అంచు నిండా సన్నసన్నటి బెజ్జాలున్నాయి. లోపలికి దారి అదే కాబట్టి గడపలాంటిదే అనుకుంది. వేలితో పసుపు తీసుకుని, గడపకి రాసినట్టు, ఆ చివర నుంచి ఈ చివరకి ఒద్దికగా రాసింది. దేవుడి పటం ముందు ఒక్క క్షణం ఉంచి, కళ్ళకద్దుకుని, మళ్ళీ సందులో పెట్టేసింది. నాంచారమ్మ స్టూలు మీద నుంచి అంతా చూసి, బాగుందన్నట్టు తలూపింది.

కంప్యూటరు నిన్నటిలాగే చటుక్కున లేచింది.

ఆ రోజు పని నాగపడగల అచ్చు. మోపిదేవిలో పూజసామాను అమ్మే వ్యాపారి ఇచ్చిన ఆర్డరు. నాగుల చవితి దగ్గర పడుతోంది. రాగిరేకు మీద ఒక్క పోటుతో పడగ, దాని మీద పొలుసులు, రెండు కళ్ళూ దిగాలి. మంచి ఉక్కు దిమ్మె దొరక్క నెల్లాళ్ళు ఆగి తెప్పించారు. ప్రభావతి దిమ్మె బిగించి, సూది మొన దాని మీద ఆనీ ఆనకుండా కాయితం ముక్క దూర్చి ఎత్తు సరిచూసి, మెషీను వదిలింది. నూనె బొట్టుబొట్టుగా పడుతుంటే పడగ అంచు తేలింది. ఒక వరస పొలుసులు వచ్చాయి. ఇంకో వరస వచ్చింది. ఆమె టిఫిన్ డబ్బా మూత తీసింది.

కీచుమని ఒక అరుపు. సూది పొలుసు మధ్యలో ఆగి, ఎవరో తోసినట్టు నిట్టనిలువునా కిందికి దిగి, అలాగే ఉక్కుని కోసుకుంటూ పడగకి అడ్డంగా పోయింది. ఆమె ఎర్ర బటను కొట్టేసరికే మొన విరిగి గోడకి తగిలింది. నాంచారమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ మెషీను మొరాయించడం ప్రభావతి చూసింది గాని, ఇలా వెర్రెత్తినట్టు పోవడం ఎన్నడూ చూడలేదు. డబ్బా మూతలో ఉన్న ఉప్మా మీద ఇనప రజను పడి ఉంది.

శనివారం పొద్దున్నే మొదటి బస్సుకి రత్నరాజు వచ్చాడు. ఈసారి ఎవరూ కుర్చీ వేయలేదు. పాడైన దిమ్మె బల్ల మీద, గుమ్మంలోంచి చూసినా కనపడేటట్టు పెట్టి ఉంచారు పూర్ణచంద్రరావు గారు.

రత్నరాజు దాన్ని చూసి తెల్లబోయాడు. డబ్బా వెనక్కి వెళ్ళి కార్డు లాగాడు. వెలుతురులో పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ చూడటంలో ప్రభావతికి ఒక్కసారిగా అర్థమైంది. బెజ్జాల నిండా పసుపు. సగం ఎండి, సగం తడిగా. నిన్న తను గడప అనుకున్నది గడప కాదు, లోపలి సూదుల్లాంటి తీగలు వచ్చి కూర్చునే చోటు.

"దీనికి ఎవరో పసుపు రాశారండీ. కొన్ని తీగలు అందీ అందక ఉన్నాయి. డిజైను చదివేటప్పుడు మధ్యలో తప్పు అంకెలు వెళ్ళి ఉంటాయి. ఏ అంకె వస్తే అంత లోతు దిగుతుంది కదండీ, మెషీనుకి తప్పొప్పులు తెలియవు" అన్నాడు రత్నరాజు.

పూర్ణచంద్రరావు గారు కార్డు వంక చూడనైనా చూడలేదు. "నీ చేతగానితనం మా పసుపు కుంకాల మీదకి తోస్తావా?" అన్నారు.

నిన్న మొన్నటి 'గారు' అన్న పిలుపు ఎక్కడికి పోయిందో! ప్రభావతి ఉలిక్కిపడింది. రత్నరాజు ముఖం పాలిపోయింది. తను ఎవరినీ తప్పు పట్టడం లేదనీ, ఏమైందో చెబుతున్నాననీ, అరగంటలో కడిగి బాగు చేస్తాననీ అన్నాడు. ఆయన వినలేదు. పాత డిస్కు చప్పుడు చేసినా, తన్నులు తిన్నా, ఏనాడూ దిమ్మె పాడుచేయలేదనీ, నీలాంటి వాణ్ణి నమ్మి వీధంతటికీ చెప్పడం నాదే బుద్ధితక్కువనీ నోటికొచ్చినట్టు తిట్టారు. పనిముట్ల సంచి లాక్కుని బీరువాలో పడేశారు. అతని ఎదుటే మొన్న ఫోన్లు చేసిన వాళ్ళందరికీ వరసగా మళ్ళీ చేశారు. గుడివాడ వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వద్దు, మీ దిమ్మెలు మీకు దక్కవు. సుబ్బారావు గారికి చెప్పేటప్పుడు ఆ మాట ఇంకాస్త గట్టిగా అన్నారు.

ఆ ఫోన్లు జరుగుతున్నంతసేపూ రత్నరాజు కదల్లేదు. ఒక్కసారి మాత్రం మెషీను నుదుటి మీద పసుపునీ, ఆ తర్వాత ప్రభావతి చేతి వేళ్ళనీ చూశాడు. ఆమె గోళ్ళ సందుల్లో ఇంకా పచ్చగానే ఉంది. అతనికి తెలిసిపోయింది. తన పేరు చెబుతాడనుకుంది ఆమె. అతను చెప్పలేదు. తనూ చెప్పలేదు. పూర్ణచంద్రరావు గారు అంతగా ఊగిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే ఈ కోపమంతా తన మీదకి మళ్ళుతుంది, ఉద్యోగం ఊడుతుంది. ఈ మెషీను తప్ప ఆమెకి ఇంకో పని రాదు.

రత్నరాజు ఉత్త చేతులతో వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం ప్రభావతికి అన్నం సయించలేదు. సాయంత్రం నాంచారమ్మ ఇంటికి వెళ్ళి కూర్చుంది. పసుపు రాసింది తనేనని నాంచారమ్మకి తెలుసు, రాయడం చూసింది కూడా. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు చింతపండు గింజలు తీస్తోంది.

రేపు చెప్పేస్తానంది ప్రభావతి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సణిగింది నాంచారమ్మ. ఆ అబ్బాయి నీకేమన్నా చుట్టమా, వాడిది గుడివాడ, అక్కడే ఏదో చేసుకుని బతుకుతాడు అంది. మెషీను ముందు కూర్చునే చోటు పోతే నువ్వేం చేస్తావని అడిగింది. పేరు తెలిసీ బయటపెట్టని మనిషి ముందు తన పిరికితనం ఎంత చిన్నగా కనిపించిందో ఆవిడకి ఎలా చెప్పాలో ప్రభావతికి తెలియలేదు.

"నువ్వు చెబితే ఆ అబ్బాయి బాగుపడతాడనే కదే నీ ఏడుపు" అంది నాంచారమ్మ, ఆఖరికి గింజలు పక్కన పెట్టి.

"మరి పడడా పిన్నీ? తప్పు అతనిది కాదని తేలితే, ఆయనే మళ్ళీ అందరికీ ఫోన్లు చేసి చెబుతారు. తిట్టడంలో ఎంత తొందరో పొగడటంలోనూ అంతే కదా ఆయన."

నాంచారమ్మ చింతపండు మళ్ళీ ముందుకు లాక్కుంది. గింజలు తీయడంలో పడిపోయింది.

సోమవారం పూర్ణచంద్రరావు గారు కుర్చీలో కూర్చోకముందే ప్రభావతి ఎదురుగా నిలబడి చెప్పేసింది. పసుపు రాసింది తనేనని, బెజ్జాల్లోకి పోతే ఇంత పని అవుతుందని తెలియక రాసిందని, రత్నరాజు గారి తప్పు ఇసుమంత లేదని, దిమ్మె ఖరీదు జీతంలో కోసుకున్నా, పని మానేయమన్నా తనకి సమ్మతమేనని. చెబుతున్నంతసేపూ కళ్ళు నేల మీదే ఉన్నాయి. ఆయన అరుపు కోసం ఒళ్ళంతా బిగదీసుకుని ఉంది.

అరుపు రాలేదు. ఆయన నవ్వారు.

"పిచ్చిదానా, దీనికా ఇంత బెంగ పెట్టుకున్నావు? పసుపు పెడితే తప్పేంటమ్మా? నీ భక్తి కొద్దీ పెట్టావు. ఇన్నేళ్ళుగా మెషీనుకి పెట్టడం లేదా, ఎప్పుడైనా చెడిందా? వాడు తెచ్చింది పిసరంత పసుపుకి ఆగలేదంటే అదెంత నాసిరకమో చూడు."

ప్రభావతి తలెత్తింది. తను విన్నది సరిగ్గా విన్నదో లేదో తెలియలేదు. రత్నరాజు మొన్న చెప్పింది నిజమే కదా అని గొణిగింది. నిజమేనమ్మా, నేను కాదన్నానా, అన్నారాయన. అలాంటి నాజూకు సరుకు తెచ్చేవాడు, ఇక్కడ శుక్రవారం పూజలుంటాయని తెలుసుకోవద్దా, చర్చికెళ్ళే వాళ్ళకి పసుపు బొట్టుల సంగతి తెలియదనుకో, అడిగి చావొచ్చు కదా అన్నారు. ఆ తర్వాత అక్కడే ఫోను తీసి గుడివాడకి కలిపి, వచ్చి కడిగిపెట్టి నీ సంచి తీసుకుపో అని చెప్పారు. కోపం లేదు ఆ గొంతులో. అతని తప్పుని క్షమించిన ఉదారత ఉంది. అది ప్రభావతికి తిట్ల కన్నా భయంకరంగా అనిపించింది. రెండు రోజులుగా ఏ పిడుగు తన నెత్తిన పడుతుందని వణికిందో, ఆ పిడుగు తన దగ్గర పువ్వై, అతని దగ్గర పిడుగుగానే ఉండిపోయింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటే ఇదేనా అనుకుంది. ఆమె ఇన్నాళ్ళూ తనని కోడలి వైపే లెక్క వేసుకుంది.

రత్నరాజు భోజనాల వేళకి వచ్చాడు. వెంట తెచ్చిన సీసాలోంచి స్పిరిటు మూతలో పోసుకుని, మెత్తటి బ్రష్షుతో కార్డు బెజ్జాలు ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టాడు. సందు లోపలి తీగల్ని భూతద్దంలోంచి చూస్తూ తుడుస్తున్నాడు. అతని ముందు నిలబడలేక ప్రభావతి బయటికి నడిచింది. పూర్ణచంద్రరావు గారు ఫోనులో చెప్పని మాట సుబ్బారావు గారికి తను నోటితో చెబితే సరిపోతుంది కదా అనిపించింది. రెండిళ్ళ అవతలే కదా.

సుబ్బారావు గారు తన మెషీను దగ్గర నిలబడి, పాత కంప్యూటరు నెత్తిన అరచేత్తో చరుస్తున్నారు. అది కరకరమంటోంది గాని లేవడం లేదు. ప్రభావతిని చూసి నవ్వారు. ఆమె నోరు తెరవకముందే, పసుపు సంగతి విన్నానమ్మా, పొద్దున్నే మీ పూర్ణచంద్రరావు గారు ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు అన్నారు. వీధి వీధంతా నవ్వుకుంటున్నారట.

"అయితే మీకు తెలుసు కదండీ, అతని తప్పు లేదని" అంది ప్రభావతి ఆత్రంగా. "మీది కూడా చేయించుకోండి. ఇదివరకు మాదీ ఇలాగే అరిచేది."

సుబ్బారావు గారు మళ్ళీ ఒకటి చరిచారు. "తెలుసమ్మా. అయినా పసుపు పడని వస్తువు మనకెందుకు? నువ్వేం దిగులు పెట్టుకోకు. నీ మీదకి మాట తెచ్చినవాణ్ణి ఈ గుమ్మం తొక్కనిస్తానా?"

తనని ఓదారుస్తున్నారాయన! అతను నా మీదకి మాట తేలేదండీ, నా పేరే ఎత్తలేదండీ అనాలనుకుంది. ఆయన అప్పటికే మళ్ళీ డబ్బా వైపు తిరిగి దాన్ని బతిమాలుకుంటున్నారు. వీధిలోకి వచ్చి కాసేపు ఎండలో అలాగే నిలబడిపోయింది.

తిరిగి వచ్చేసరికి కంప్యూటరు తెర మీద పచ్చటి అక్షరాలున్నాయి. రత్నరాజు ఒక చెక్కముక్క బిగించి, దాని మీద నాగపడగ మొత్తం చెక్కించి చూస్తున్నాడు. పొలుసుల వరసలన్నీ సరిగ్గా వచ్చాయి. కళ్ళూ వచ్చాయి. కార్డుకి కాపీ ఒకటి తీసి కవరులో పెట్టి ఆమెకిచ్చాడు. సంచి భుజాన వేసుకున్నాడు. పూర్ణచంద్రరావు గారు ఇంటి దగ్గర భోజనంలో ఉన్నారు. నాంచారమ్మ మెరుగు పెట్టడం ఆపి, తల వంచుకుని కూర్చుంది.

ప్రభావతి గుమ్మందాకా వచ్చింది. "నేను ఆయనకి చెప్పేశానండీ. పొద్దున్నే చెప్పేశాను. మొన్ననే చెప్పాల్సింది. నన్ను క్షమించండి."

"తెలుసండీ. ఫోన్లో ఆయనే అన్నారు."

"సుబ్బారావు గారికీ చెప్పాను."

ఏమన్నారని అతను అడగలేదు. చెప్పులు వేసుకున్నాడు. వేసుకున్నాక కూడా వెంటనే కదల్లేదు. అతని గొంతులో నిష్ఠూరం లేదు, ఎవరో తెలిసినవాళ్ళకి ఒంట్లో బాగా లేని సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"మీరు చెప్పకుండా ఉంటేనే బాగుండేదేమోనండీ. శనివారం ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను, తెలియక తిట్టారులే, నిజం తెలిస్తే ఆయనే పిలుస్తారు, అప్పటిదాకా షాపు మూయొద్దు అని. ఇప్పుడు తెలిసిందిగా."

అతను బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ప్రభావతి గుమ్మంలోనే నిలబడి ఉంది. కాసేపటికి పూర్ణచంద్రరావు గారు భోజనం చేసి వచ్చి, చెక్కముక్క మీది పడగని వేలితో తడిమి చూసి మెచ్చుకున్నారు. కొత్త దిమ్మె వచ్చేలోపు చిన్న పని ఏదైనా మొదలుపెట్టమన్నారు. ఆమె వెళ్ళి మెషీను ముందు కూర్చుంది. ఆమె చోటు ఆమెకే ఉంది.